గేటు మీదకి ఏ తీగ? శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లకి రాధామనోహరం, జాజి, కాగితం పూలు, శంఖుపుష్పం

ఇల్లు కట్టి, రంగులు వేసి, గేటు పెట్టించాక ఆ గేటు మీదకి ఓ పూల తీగ ఎక్కిస్తే బాగుంటుందని అందరికీ అనిపిస్తుంది. నర్సరీకి వెళ్తాం. కడియం నుంచి దిగిన మొక్కలన్నీ ఆకులు కనిపించనన్ని పూలతో ఉంటాయి. కంటికి నచ్చింది ఆటోలో పెట్టుకుని వచ్చేస్తాం. అది రెండేళ్లకి సన్‌సైడ్ దాటి, డాబా ఎక్కి, కరెంటు వైరుని చుట్టుకున్నాక గానీ దాని స్వభావం ఏమిటో తెలియదు.

మన రెండు జిల్లాల్లో తీగ ఎంచుకునేవాళ్లు పువ్వు కంటే ముందు అక్టోబరు నెల గురించి ఆలోచించాలి. జూన్‌లో వానలు పట్టిన దగ్గర్నుంచి తీగ ఆకు మీద ఆకు వేస్తూ పోతుంది. ఏడాది మొత్తంలో అది బాగా బరువెక్కేది సెప్టెంబరు చివరికే. తుఫాన్లు వచ్చేదీ అప్పుడే. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడేసిన తిత్లీ 2018 అక్టోబరు 11న. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి దగ్గర్లో తీరం దాటింది. తడిసిన ఆకుల గుబురుని గాలి తెరచాపలా పట్టుకుంటుంది. తీగకి పెద్దగా ఏం కాదు, నెల తిరిగేసరికి మళ్లీ చిగురేస్తుంది. పోయేది పందిరి, దాన్ని కట్టిన పిట్టగోడ, ఒక్కోసారి పక్కింటి రేకులు. అందుకని కింద ఏ తీగ గురించి చెప్పినా దాని బరువు, కత్తెరకి అది లొంగే తీరు ముందు చూస్తాను. రంగు, వాసన తర్వాత.

మీ ఇల్లు సముద్రానికి ఎంత దూరం?

దీనికి జవాబు దొరికితే సగం ఎంపిక అయిపోయినట్టే. బారువ, భావనపాడు, కళింగపట్నం, ఇటు కోనాడ, చింతపల్లి, భోగాపురం వైపు ఇసక నేల, ఉప్పు గాలి. కొన్నిచోట్ల బోరు నీళ్లు కూడా కాస్త ఉప్పగానే ఉంటాయి. కుండీ అంచుల మీద తెల్లటి పొర కడుతోందంటే మీ నీళ్లలో ఉప్పుందని అర్థం. ఇలాంటి చోట కాగితం పూల తీగ నిలబడినట్టు ఇంకేదీ నిలబడదు. రాధామనోహరం ఫరవాలేదు, కానీ నేరుగా సముద్రం గాలి తగిలే వైపు పెడితే ఆకు అంచులు మాడతాయి. జాజిని ఆ గాలికి ఎదురుగా పెట్టకండి, ఇంటికి పడమటి వైపు చాటున పెట్టుకోండి.

బొబ్బిలి, రాజాం, గజపతినగరం, చీపురుపల్లి లాంటి లోపలి ఊళ్లలో ఎర్ర నేల చాలాచోట్ల దొరుకుతుంది. నీరు నిలవని ఎర్ర నేల అయితే ఈ నాలుగూ వస్తాయి. అక్కడి కష్టం మే నెల ఎండ. కొత్త మొక్కకి మొదటి వేసవి దాటిందంటే ఇక భయం లేదు.

వరి పొలం పూడ్చి వేసిన లేఔట్లలో ఇల్లు కట్టినవాళ్ల సంగతి వేరే. పైన అడుగు మందం గ్రావెల్, కింద బంకమట్టి. వాన పడితే గోతిలో నీళ్లు రెండ్రోజులైనా దిగవు. అక్కడ గొయ్యి తవ్వి పెట్టే బదులు, నేల మీద అడుగున్నర ఎత్తు మట్టి దిబ్బ పోసి దానిమీద నాటడం నయం.

రాధామనోహరం

సొంత నేల, గట్టి ఇనప పందిరి, ఏడాదికి రెండుసార్లు కత్తెర పట్టుకునే ఓపిక ఉంటే దీన్ని మించిన తీగ లేదని నా అభిప్రాయం. సాయంత్రం చీకటి పడే వేళ మొగ్గ విచ్చుకుంటుంది, తెల్లగా. మర్నాటికి గులాబీ రంగు తిరుగుతుంది, ఆ తర్వాత ముదురు ఎరుపు. ఒకే గుత్తిలో నిన్నటి పువ్వు, మొన్నటి పువ్వు, ఈ రోజు పువ్వు మూడు రంగుల్లో వేలాడుతుంటాయి. తెల్లగా ఉన్న రాత్రి వాసన ఎక్కువ. ఆ వాసనకీ తెలుపుకీ పొడవాటి తొండం ఉన్న చిమ్మటలు వస్తాయి. ఎరుపెక్కాక పగటిపూట తేనెటీగలు, పిట్టలు. పూల కాడలు రెండు, మూడు అంగుళాలుంటాయి కాబట్టి పిల్లలు దారం అక్కర్లేకుండానే జడలా అల్లేస్తారు.

ఇక దీని పోరు. ఇరవై అడుగులు అవలీలగా ఎక్కుతుంది. వయసు మీరిన కాండం వేలెడు లావున చెక్కలా గట్టిపడుతుంది. చేత్తో తడిమి చూస్తే కొక్కేల్లాంటి ముళ్లు తగులుతాయి. పుట్టుకతో ఉన్న ముళ్లు కావవి, ఆకు రాలిపోయాక మిగిలిన తొడిమ మొదళ్లు గట్టిపడి అలా అవుతాయి. వాటితోనే పక్క కొమ్మలకి తగులుకుని పైకి పాకుతుంది. కాబట్టి కత్తిరించేటప్పుడు చేతికి గ్లౌజులు ఉండాలి. వేళ్ల నుంచి పిలకలు లేస్తాయి. మీ ప్రహరీ అవతల పక్కింటివాళ్ల దొడ్లో కూడా లేస్తాయి. రోజూ రాలిన పూలు ఊడవాలి. డాబా నీళ్లు దిగే గొట్టం దగ్గర పందిరి ఉంటే పూలూ ఆకులూ కలిసి మూతి మూసేస్తాయి, వానాకాలంలో మేడ మీద చెరువే. చలికాలంలో ఆకు చాలావరకు రాల్చి బోసిగా కనిపిస్తుంది. చచ్చిపోయిందని పీకేసినవాళ్లు ఉన్నారు. ఫిబ్రవరి వరకు ఆగండి, చిగురు వస్తుంది.

పువ్వు వచ్చేది కొత్త కొమ్మ చివర. అందుకే ఎంత కోసినా నష్టం లేదు. ఈ ఒక్క గుణం వల్లే ఇంత బరువైన తీగని కూడా మన దగ్గర పెంచుకోమని చెప్పగలుగుతున్నాను.

ఒంటి రేకలది, ముద్ద పువ్వుది అని రెండు రకాలు దొరుకుతాయి. ముద్ద పువ్వు గుత్తి బరువుగా నిండుగా ఉంటుంది గానీ, వాన తగిలితే నీళ్లు పట్టుకుని వేలాడిపోతుంది. నేనైతే ఒంటి రేకలదే తీసుకుంటాను.

జాజి

రోజూ పూజకి, తలలోకి పూలు కావాలి, మూర కొనడం మానాలి అనుకునేవాళ్లకి రాధామనోహరం పనికిరాదు, జాజే కావాలి. రెండూ ఒకే పందిరి మీద పాకించే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. రెండేళ్లు తిరక్కుండా రాధామనోహరం జాజిని కప్పేస్తుంది.

బరువు విషయంలో జాజి మంచిది. సన్నటి కాడలు, చిన్న ఆకులు. ఎనిమిది అడుగుల పందిరి చాలు, కిటికీ ఊచలకి కట్టిన జీఐ వైరు అయినా చాలు. తుఫాను హెచ్చరిక రాగానే తీగని వైరు నుంచి విప్పి, చుట్టచుట్టి గోడవారన పడుకోబెట్టొచ్చు. రాధామనోహరాన్ని అలా చేయలేం.

కానీ దీనికి మనిషి కావాలి. వానల్లో మొక్క మొదట్లో నీళ్లు నిలిస్తే రెండు మూడు రోజులకే ఆకు పసుపెక్కుతుంది. ఎండల్లో ఎర్రనల్లి పడుతుంది. ఆకు వెనక్కి తిప్పి చూస్తే సాలెగూడు దారంలాంటిది కనిపిస్తుంది, పైభాగం ఇసక చల్లినట్టు తెల్లటి చుక్కలతో పాలిపోతుంది. అనుమానం ఉంటే ఆ ఆకుని తెల్ల కాగితం మీద గట్టిగా దులపండి. పొడిలో ఏదైనా కదిలిందంటే నల్లే. పైపుతో ఆకుల అడుగు భాగానికి నీళ్లు గట్టిగా కొట్టడం మొదటి మందు. తగ్గకపోతే లీటరు నీళ్లకి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయాలి. పగటి ఎండలో కొడితే ఆకు మాడుతుంది. మొగ్గలు ఊదారంగు తిరిగి, చిన్న రంధ్రాలతో రాలిపోతున్నాయంటే మొగ్గ తొలిచే పురుగు. అలాంటి మొగ్గల్ని ఏరి పారేయడమే ఇళ్లలో మనం చేయగలిగేది. మొక్క మొదట్లో పడేస్తే మాత్రం పురుగు మళ్లీ ఎక్కుతుంది.

జాజికి అసలు కత్తిరింపు డిసెంబరు చివర, జనవరిలో. బలమైన కొమ్మలు నాలుగైదు ఉంచి, మోకాలెత్తుకి కోసేసి, ఓ గంప గెత్తం (పశువుల ఎరువు), గుప్పెడు వేపపిండి వేస్తే వేసవికి కొత్త కొమ్మలు, వాటికి మొగ్గలు. అంత పొట్టిగా కోయడానికి చేయి రాదు చాలామందికి. కోయకుండా వదిలేసిన జాజి పైన రెండడుగులు పచ్చగా, కింద అంతా ఎండు పుల్లలతో, ఎప్పుడో ఓ పువ్వుతో ఉంటుంది.

చలికాలం జాజి దాదాపు సెలవే. కార్తీకంలో శివుడికి పూలు కావాలంటే శంఖుపుష్పం చూసుకోవాలి.

జాజి వాసనకి పాములు వస్తాయన్న మాట మన ఊళ్లలో గట్టిగా ఉంది. పాముకి పువ్వు వాసనతో పనిలేదు. కింద గుబురుగా, ఎండుటాకులు పోగుపడి చల్లగా ఉంటే కప్పలు, ఎలుకలు చేరతాయి, వాటికోసం అదీ వస్తుంది. ఏ తీగ అయినా నేల నుంచి అడుగున్నర వరకు ఆకుల్లేకుండా శుభ్రంగా ఉంచితే ఈ టెన్షన్ ఉండదు.

కాగితం పూలు

బోగన్‌విల్లియా అని నర్సరీ పేరు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క, 1760లలో అటుగా ఓడల్లో వెళ్లిన ఫ్రెంచి నావికుడి పేరు పెట్టారు. మనం పువ్వు అనుకునే రంగు రేకలు నిజానికి ఆకులే. మూడు రంగు ఆకుల మధ్య, ఒక్కో ఆకుకి ఒకటి చొప్పున, అగ్గిపుల్ల తలంత తెల్లటి పూలు ఉంటాయి, దగ్గరగా పెట్టుకుని చూడండి.

ఈ మొక్కని ఎంత గారాబం చేస్తే అంత మొండికేస్తుంది. రోజూ నీళ్లు పోసి, యూరియా వేస్తే ఆకులే ఆకులు. అయిదారు గంటల ఎండ, మట్టి బాగా ఆరాక ఓసారి నీళ్లు, అంతే. చలికాలం నుంచి మే దాకా, మిగతావన్నీ వాడిపోతున్నప్పుడు ఇది విరగబూస్తుంది. ఊరెళ్లి పది రోజులు తాళం వేసే ఇళ్లకి, సముద్రం పక్క ఇళ్లకి, డాబా మీద సగం డ్రమ్ములో పెంచేవాళ్లకి ఇదే నా సలహా. ఆగస్టు చివర్లో ఓసారి గట్టిగా కత్తిరిస్తే గాలికి చిక్కదు, చలికాలం పూతకీ కొత్త కొమ్మలు సిద్ధమవుతాయి.

గేటు కమాను మీద మాత్రం వద్దు. నిజమైన ముళ్లివి, పొడవుగా, గట్టిగా ఉంటాయి. గాలికి ఊగే కొమ్మ సరిగ్గా కంటి ఎత్తున ఉంటుంది. బడి పిల్లలు, సైకిళ్లు తిరిగే గుమ్మానికి ఇది తగదు. ప్రహరీ మూలకి పెట్టండి, కంచె పని కూడా చేస్తుంది. నాటేటప్పుడు ఓ జాగ్రత్త: దీని వేళ్లు చాలా సున్నితం. కవరుని కింద నుంచి కోసి, మట్టి ముద్ద విరగకుండా గోతిలో దించాలి. మట్టి దులిపి నాటితే చాలాసార్లు బతకదు.

శంఖుపుష్పం

అద్దె ఇల్లయినా, అపార్టుమెంటు బాల్కనీ అయినా ఇదే. పన్నెండు అంగుళాల కుండీ, ఓ సరుగుడు కర్ర లేదా నైలాన్ తాడు చాలు. గింజలు రాత్రంతా నానబెట్టి పొద్దున్న గుచ్చితే రెండు నెలల్లోపే మొదటి పువ్వు చూడొచ్చు. చిక్కుడు జాతి కాబట్టి గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెల్లో తనే పట్టుకుంటుంది, ఎరువు పెద్దగా అడగదు. తుఫానుకి పోతే పోయింది, డబ్బాలో గింజలుంటే మళ్లీ మొదలు. బరువు లేదు, బాధ లేదు. నీలం పూలు వేడినీళ్లలో వేస్తే నీలం కషాయం, నిమ్మరసం పిండగానే ఊదా. చుట్టాలు వచ్చినప్పుడు పిల్లలకి ఇదో ఆట.

కాయల్ని అలాగే వదిలేస్తే మాత్రం పూత తగ్గిపోతుంది. విత్తనానికి రెండు మూడు కాయలు ఉంచి మిగతావి లేతగా ఉన్నప్పుడే తుంచేయాలి. వాసన లేదు, ఒక్కటే లోటు.

నర్సరీవాళ్లు చూపించే మిగతావి

అల్లమండ పసుపు పూలు భలే ఉంటాయి, ఏడాదిలో చాలా నెలలు పూస్తుంది. గన్నేరు కుటుంబానిది. తుంచితే పాలు కారతాయి, ఆ పాలు ఒంటికి తగిలితే దురద, కడుపులోకి వెళ్తే వాంతులు, విరేచనాలు. పాకే పిల్లలు, దొడ్లో మేకలు ఉన్న ఇంట్లో వద్దంటాను. వెల్లుల్లి తీగ ఊదా గుత్తులతో దసరా, దీపావళి రోజుల్లో ఒకసారి, చలి తగ్గాక ఇంకోసారి పూస్తుంది. ఆకు నలిపితే అచ్చం వెల్లుల్లి వాసన. అదుపులో ఉండే తీగ, రాధామనోహరానికి చోటు లేనివాళ్లు దీన్ని చూడొచ్చు. కృష్ణకమలం పువ్వు అందం చెప్పక్కర్లేదు గానీ, నారింజ రంగు సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టి, ముళ్లముళ్ల గొంగళిపురుగులు ఆకులన్నీ తినేస్తాయి. సీతాకోకచిలుకల కోసమే పెంచేవాళ్లయితే సరే. నీలం థన్‌బర్జియాని మాత్రం ఇంటిమీదకి రానివ్వకండి. దుంపవేళ్లతో నేలలో పాతుకుపోతుంది, చెట్లని కప్పి పడేస్తుంది. ఆస్ట్రేలియాలో దాన్ని కలుపు మొక్కగా చూస్తారు. మాధవీలత మన నేల తీగే, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పూస్తుంది, వాసన అద్భుతం. కానీ గుడి తోటకో, కొబ్బరితోట గట్టుకో తగిన సైజది, నూటయాభై గజాల ఇంటికి కాదు.

ఎప్పుడు నాటాలి, ఎలా కట్టాలి

జూన్ చివర, జులై మొదట్లో. రెండు మంచి వానలు పడి నేల చల్లబడ్డాక. అప్పుడు నాటితే గాలుల నెల వచ్చేలోపు వేరు పట్టుకుంటుంది, తీగ ఇంకా చిన్నదే కాబట్టి ఆ ఏడు భయమూ లేదు. అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు గొయ్యి. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన గెత్తం ఒక పాలు. ఇసక నేలైతే ఉద్దానం వైపు సులువుగా దొరికే కొబ్బరి పొట్టు కాస్త కలిపితే తడి నిలుస్తుంది. పొట్టుని ముందు రెండు మూడుసార్లు నీళ్లలో కడగాలి, దానిలో ఉప్పుంటుంది. పచ్చి గెత్తం వేయకండి, వేడికి వేరు మాడుతుంది, చెదలు కూడా.

గోడకి అరడుగు ఎడంగా పందిరి ఉండాలి. తీగ నేరుగా గోడని పట్టుకుంటే చెమ్మ, రంగు ఊడటం. రాధామనోహరానికి సరుగుడు కర్రలు మొదటి ఏడాది బాగానే ఉంటాయి, ఆ తర్వాత కర్ర మొదట్లో చెద పడుతుంది, పైన బరువు పెరుగుతుంది. ఒకటిన్నర అంగుళం ఇనప గొట్టాలు, కింద కాంక్రీటు దిమ్మ, ఆ ఖర్చు మొదటే పెట్టేయండి. పందిరిని పిట్టగోడకి మేకులతో బిగించొద్దు, దాని కాళ్ల మీద అది నిలబడాలి. గాలికి పందిరి ఊడినా గోడ మిగులుతుంది. కరెంటు సర్వీసు వైరు వైపు ఏ తీగనీ తిప్పకండి.

సెప్టెంబరు రెండో వారంలో, వినాయక చవితి హడావుడి ఉన్నా లేకపోయినా, ఓ ఆదివారం కత్తెరకి కేటాయించండి. రాధామనోహరం మూడో వంతు పైగా తీసేయాలి. పైన కాదు, లోపల. పందిరి కింద నిలబడి పైకి చూస్తే ఆకాశం అక్కడక్కడ కనిపించాలి, అంటే గాలి దూరిపోతుంది. జాజికి పైపైన చాలు. కోసిన కొమ్మల్లో పెన్సిలంత లావున్నవి జానెడు ముక్కలుగా కత్తిరించి నీడలో ఇసకలో గుచ్చితే కొన్నైనా వేరు పోస్తాయి, అడిగినవాళ్లకి ఇవ్వొచ్చు. ఇంకా నమ్మకమైన దారి నేల అంటు: కిందున్న కొమ్మని వంచి, మధ్యలో కాస్త బెరడు గీరి, మట్టిలో పాతి, మీద ఓ ఇటుక పెట్టి వదిలేయడమే.

మొక్క కొనేటప్పుడు

పూలెన్ని ఉన్నాయో చూడకండి, మొదలు చూడండి. కవరు కింద రంధ్రాల్లోంచి వేళ్లు గుంపుగా బయటికి వచ్చి నేలలో పాతుకున్న మొక్క వద్దు, దాన్ని పీకి ఇస్తారు, ఆ వేళ్లు తెగిపోతాయి. కవరు ఎత్తితే మట్టి ముద్ద గట్టిగా ఉండాలి, మొక్కని మెల్లగా కదిపితే ఊగకూడదు. రెండు మూడు కొమ్మలు మొదటి నుంచే ఉన్న చిన్న మొక్క, ఒంటికాడతో నాలుగడుగులున్న దానికంటే మేలు.

జాజి, సన్నజాజి, విరజాజి పేర్లు నర్సరీకో తీరుగా వాడతారు. పేరు నమ్మి తెచ్చుకుంటే ఒకటి అనుకుంటే ఇంకొకటి అవుతుంది. మొగ్గ వెనక గులాబీ చార ఉందా, పూర్తిగా తెలుపా చూడండి. గులాబీ చార ఉన్నది పెద్ద పువ్వు, ఒక ఆకు కాడకి అయిదు నుంచి తొమ్మిది దాకా చిన్న ఆకులుంటాయి. పూర్తి తెలుపుది చిన్న పువ్వు, గుత్తిగా ఎక్కువ మొగ్గలు, దండకి బాగుంటుంది. మొగ్గ లేని మొక్క అయితే తల్లి మొక్క చూపించమనండి. చూపించలేకపోతే పూలున్నప్పుడు వస్తామని చెప్పి వచ్చేయండి.